నీ సిరప్ పిల్లికి పట్టకు తల్లీ

చిట్టితల్లీ,

"తాతయ్యా, మా పిల్లి రెండు రోజులుగా ఒకటే తుమ్ముతోంది. నా జలుబు సిరప్ కాస్త పట్టనా?" అని అడిగావు. వద్దమ్మా. ఆ సిరప్‌లలో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది. పిల్లికి అది విషం, ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు. మనకు మంచి చేసింది దానికీ చేస్తుందనుకోవడం ప్రేమే కానీ, ప్రేమ ఒక్కటే చాలదు. పట్టకముందే అడిగావు, సంతోషం.

ముక్కు ఒక ఇల్లనుకో. తుమ్ము ఆ ఇంటి చీపురు. దుమ్మో, సెంటు వాసనో, సిగరెట్ పొగో గుమ్మం దాటితే ఒక్క ఊపుతో బయటికి తోసేస్తుంది. అలా అప్పుడప్పుడూ తుమ్మితే కంగారు లేదు. పొద్దస్తమానం ఊడుస్తోందంటే మాత్రం లోపల దొంగ దూరినట్టే. పిల్లుల్లో ఆ దొంగలు ఎక్కువగా ఇద్దరు: హెర్పిస్ వైరస్, కాలిసి వైరస్. పిల్లుల నుంచి ఇవి నీకు అంటవులే. కాలిసి నోట్లో పుండ్లు కూడా చేస్తుంది. హెర్పిస్ మహా టక్కరిది. జలుబు తగ్గినా ఇల్లు వదలదు, నరాల్లో అటకెక్కి దాక్కుంటుంది. పిల్లికి టెన్షన్ కలిగితే వారం పది రోజుల్లో మళ్లీ దిగుతుంది. మీరు ఈమధ్యే ఇల్లు మారారు కదా, అందుకే నాకు దీని మీదే అనుమానం.

నా తొమ్మిదో ఏట మాకో బూడిదరంగు పిల్లి ఉండేది. ఒక సాయంత్రం పెరట్లోంచి వస్తూనే వరసపెట్టి తుమ్మింది, ముందుకాలితో ముక్కు గీరుకుంది. జలుబే అనుకుని అమ్మ దానికి మెత్తగా పక్క వేసింది. మూడో రోజు నాన్న దీపం దగ్గర పెట్టి చూస్తే ఎడమ ముక్కులో పచ్చగా గడ్డిపోచ కొస! నేను లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. డాక్టరు మత్తిచ్చి తీస్తే నా చిటికెనవేలంత ఉంది. గడపలో ఇరుక్కున్న పుల్లకు చీపురేం చేస్తుంది? పక్కగది చెమ్మ గోడలోంచి దిగినట్టు, పై కోరపన్ను వేరు కుళ్ళినా ఇలాగే ఒకవైపు ముక్కే కారుతుంది.

గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో దాని ముక్కు తుడువు. అమ్మని స్నానాలగదిలో వేడినీళ్లు వదలమను. ఆవిరి నిండాక పది నిమిషాలు పిల్లితో అక్కడే కూర్చో. బామ్, నీలగిరి తైలం దగ్గరికి రానివ్వకు, దానికి పడవు. వాసన తెలియకపోతే పిల్లి ముద్ద ముట్టదు, అందుకని తిండి కాస్త వెచ్చచేసి పెట్టు. మామూలు జలుబైతే వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఒక రోజంతా తినకపోయినా, చీమిడి పచ్చబడినా, కన్ను మూసుకున్నా ఆగొద్దు, డాక్టరుకి చూపించండి. నోటితో ఊపిరి తీస్తే ఆ క్షణమే బయల్దేరండి. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లికి కాలేయమే దెబ్బతింటుంది. యాంటీబయాటిక్ వైరస్‌ని చంపదు, వెనకాలే దూరే బాక్టీరియా కోసం ఇస్తారు. అది అవసరమో కాదో డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు ఒక పని చెయ్యి. అది నిద్రపోతున్నప్పుడు చిన్న అద్దం చల్లటి నీళ్లతో కడిగి, తుడిచి, దాని ముక్కుకి దగ్గరగా పట్టుకో. చిన్న ఆవిరి మచ్చలు పడి, అంతలోనే మాయమవుతాయి. రెండు పడ్డాయా, ఒకవైపు ముక్కు మూసుకుపోయి ఒకటేనా? చూసి రాయి.

మీ తాతయ్య