తారల గుండెపోటు, మన ఈసీజీలు: అపోహలు - వాస్తవాలు

కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న, 46 ఏళ్ల వయసులో హఠాత్తుగా గుండె ఆగి మరణించిన తరువాత బెంగళూరులోని జయదేవ హృద్రోగ సంస్థకు పరీక్షల కోసం జనం పోటెత్తారు. 2023 జనవరిలో కుప్పం పాదయాత్రలో కుప్పకూలిన తెలుగు నటుడు నందమూరి తారకరత్న ఫిబ్రవరి 18న కన్నుమూసినప్పుడు హైదరాబాద్‌లో మా ఓపీలోనూ అదే ఆదుర్దా కనిపించింది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. తమ ఈడువాడు ఒక్క పూటలో పడిపోయాడని వింటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అయితే ఆ భయం తీర్చుకోవడానికి చేయించుకున్న పరీక్షను అర్థం చేసుకుంటున్న తీరే చాలామందికి ప్రాణాల మీదికి తెస్తోంది.

అపోహ: ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్‌పై నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) నార్మల్‌గా వచ్చాయి కనుక ఇక గుండెపోటు రాదు.

వాస్తవం: నొప్పి లేని వేళ తీసిన ఈసీజీ ఆ కొన్ని సెకన్లలో గుండె పనితీరును మాత్రమే చెబుతుంది. రక్తనాళంలో పూడిక ఉన్నా, విశ్రాంతిగా ఉన్నప్పుడు కండరానికి చాలినంత రక్తం అందుతుంటే గీతల్లో ఏ తేడా కనిపించకపోవచ్చు. టీఎంటీ ప్రధానంగా రక్తప్రవాహానికి గట్టిగా అడ్డుపడే పెద్ద పూడికలనే పసిగడుతుంది. కానీ గుండెపోట్లలో చాలావాటికి మూలం అంత పెద్ద పూడిక కాదు. నాళంలో సగం కూడా మూయని కొవ్వు పొర ఒక్కసారిగా చిట్లి, దానిపై రక్తం గడ్డకడితే, నిమిషాల్లో నాళం పూర్తిగా మూసుకుపోవచ్చు.

నలభైల్లో ఉన్న ఒక వ్యాపారి, తారకరత్న మరణవార్త విన్న వారంలోనే ఏదో ప్యాకేజీలో పరీక్షలన్నీ చేయించుకున్నారు. కొన్ని నెలల తరువాత ఒక రాత్రి ఛాతీ మధ్యలో బరువు, దవడకు పాకిన నొప్పి, ఒళ్లంతా చెమటలు. ఆసుపత్రికి వెళదాం రండని భార్య బతిమాలితే, బీరువాలోంచి ఫైలు తీసి "మొన్ననేగా అన్నీ నార్మల్ అన్నారు, ఇది గ్యాసే" అని చెప్పి, ఎసిడిటీ మందు తాగి పడుకున్నారు. తెల్లవారాక మా దగ్గరికి వచ్చినప్పుడు ఆ ఫైలు చంకలోనే ఉంది. స్టెంట్ వేశాం, ప్రాణం దక్కింది. అప్పటికే గుండె ముందు గోడ చాలా దెబ్బతినడంతో ఆయనకు ఇప్పుడు ఒక అంతస్తు మెట్లెక్కినా ఆయాసమే. ఆయనకు ఏళ్లుగా షుగర్ ఉంది, పొగతాగే అలవాటు ఉంది, తండ్రికి యాభై ఏళ్లకే స్టెంట్ పడింది. ముప్పును చెప్పే ఆ మూడు విషయాలను ఆ ప్యాకేజీలో ఎవరూ అడగలేదు.

ఛాతీలో బరువు, నొప్పి పది నిమిషాలకు మించి ఉంటే, పాత నివేదిక ఏం చెప్పినా 108కి ఫోన్ చేయండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా, కొంతసేపటికి మళ్లీ తీసి, ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిన్నదేమో చెప్పే రక్తపరీక్ష) చేస్తే తప్ప మేమే ధైర్యంగా ఇంటికి పంపలేం. ఎసిడిటీ మందుతో కాస్త ఉపశమనం కలిగినంత మాత్రాన అది గ్యాస్ అని తేలినట్లు కాదు. మధుమేహులకూ స్త్రీలకూ నొప్పి లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం మాత్రమే రావచ్చు.

అపోహ: జిమ్‌కు వెళ్లడమే గుండెపోటుకు కారణం.

వాస్తవం: క్రమం తప్పని వ్యాయామం ముప్పును తగ్గిస్తుంది. లోపల పూడిక ఉండి, అలవాటు లేని భారీ శ్రమకు ఒక్కసారిగా దిగేవారికే ప్రమాదం.

అపోహ: ఈ ఆకస్మిక మరణాలకు కోవిడ్ టీకానే కారణం.

వాస్తవం: 18 నుంచి 45 ఏళ్లవారిపై ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, టీకా వల్ల ఆకస్మిక మరణాల ముప్పు పెరిగినట్లు తేలలేదు. ఆధారం లేని ఈ వదంతిని దయచేసి ఎవరికీ పంపకండి.

అపోహ: అంత ఫిట్‌గా ఉన్నవారే పోయారు, మనం మందులు వాడి ఏం లాభం?

వాస్తవం: బయటికి కనిపించే దేహదారుఢ్యం నాళాల లోపలి స్థితిని చెప్పదు. ఈ నిరాశతో బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు మానేసి వచ్చేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. స్టెంట్ పడినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి: రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే గడ్డకట్టవచ్చు. మానాలనిపిస్తే ముందు మీ వైద్యుణ్ణి అడగండి.