1989 టూర్ డి ఫ్రాన్స్: ఎనిమిది సెకన్లలో గాలి వాటా

రోజుకో దశగా సాగే సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్‌లో చివరి రోజు మామూలుగా ఊరేగింపులా సాగుతుంది. మొత్తం మీద తక్కువ సమయం తీసుకుని పసుపు జెర్సీ ధరించినవాడెవరో అప్పటికే తేలిపోయి ఉంటుంది. 1989లో మాత్రం, ఫ్రెంచి విప్లవానికి రెండు వందల ఏళ్లు నిండిన సందర్భంగా, నిర్వాహకులు జులై 23న చివరి దశను వెర్సాయ్ నుంచి పారిస్‌లోని షాంజెలీజే దాకా 24.5 కిలోమీటర్ల, గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌గా పెట్టారు. ఆ ఉదయానికి ఫ్రాన్స్‌కు చెందిన లారెంట్ ఫిన్యోన్, అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్ కంటే 50 సెకన్లు ముందున్నాడు. అంటే లెమాండ్ కిలోమీటరుకు రెండు సెకన్లకు పైగా లాక్కోవాలి. ఫిన్యోన్ 1983, 1984 టూర్ల విజేత. లెమాండ్ 1986లో గెలిచినా, మరుసటి ఏడాది వేటలో పొరపాటున పేలిన తుపాకీ గుళ్లు తగిలి చావు తప్పి బయటపడ్డాడు. వాటిలో కొన్ని ఇంకా అతని ఒంట్లోనే ఉన్నాయి.

టైమ్ ట్రయల్‌లో ఒక్కొక్కరూ విడివిడిగా బయలుదేరతారు. గుంపులో వెళ్లేటప్పుడు ముందువాడి వెనుక నక్కి గాలి దెబ్బ తప్పించుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది, దాన్ని ఎదుర్కోవడానికి కాళ్లు అందించవలసిన సామర్థ్యం (పవర్) వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే గాలితో పెనుగులాటకే ఎనిమిది రెట్ల సామర్థ్యం కావాలన్నమాట. సమతల రహదారిపై గంటకు 50 కిలోమీటర్లు దాటిన సైకిలిస్టు శ్రమలో సుమారు తొమ్మిది వంతులు గాలిని చీల్చడానికే పోతాయి, మిగిలిన ఒక్క వంతే టైర్ల రాపిడికీ తక్కినవాటికీ. ఆ గాలికి అడ్డుపడేది కూడా ప్రధానంగా సైకిలు కాదు, దానిమీద కూర్చున్న మనిషి.

లెమాండ్ హ్యాండిల్‌కు ముందువైపు ట్రయథ్లాన్ (ఈత, సైకిలు, పరుగు కలిసిన పోటీ) క్రీడాకారులు వాడే కడ్డీ ఒకటి బిగించి ఉంది. మోచేతులను మెత్తలపై దగ్గరగా ఆనించి, ముంజేతులను ముందుకు చాచి ఆ కడ్డీని పట్టుకుంటే, వెడల్పుగా తెరుచుకుని ఉండే భుజాలు లోపలికి ముడుచుకుంటాయి, వీపు చదునవుతుంది, తల చేతుల వెనుక దాగుతుంది. చేతుల మధ్య నుంచి ఛాతీకి కొట్టే గాలి పక్కలకు జారిపోతుంది. తలకు వెనుకవైపు సాగిన హెల్మెట్ పెట్టుకున్నాడు. ఫిన్యోన్ పాత పద్ధతిలో ఎద్దు కొమ్ముల్లాంటి హ్యాండిల్ పట్టుకుని, హెల్మెట్ లేకుండా, పిలకజుట్టు గాలిలో ఎగురుతుండగా తొక్కాడు. అతను కొత్తదనాన్ని పట్టించుకోలేదనడం మాత్రం అన్యాయం: రెండు చక్రాలకూ చువ్వల బదులు నిండు డిస్కులు వేయించుకున్నది అతనే, లెమాండ్‌కు వెనుక చక్రానికే ఉంది. అయితే ముందు డిస్కు పక్కగాలికి తెరచాపలా మారి హ్యాండిల్‌ను గుంజుతుంది.

లెమాండ్ 26 నిమిషాల 57 సెకన్లలో గీత దాటాడు. సగటు వేగం గంటకు 54.545 కిలోమీటర్లు, అప్పటిదాకా టూర్ టైమ్ ట్రయల్స్‌లో అంత వేగం ఎవరూ చూడలేదు. ఫిన్యోన్‌కు 27 నిమిషాల 55 సెకన్లు పట్టింది. నిజానికి అతనిదీ గంటకు 52 కిలోమీటర్లు దాటిన గొప్ప పరుగే, ఆ రోజు మూడో స్థానం. ఇద్దరి వేగాల తేడా మూడున్నర శాతం. గాలి నిరోధం ఒక్కటే ఉందనుకుని ఘనం లెక్క వేస్తే, అది సుమారు 11 శాతం సామర్థ్యంతో సమానం. మరోలా చెప్పాలంటే, ఇద్దరి కాళ్లూ ఒకే బలంతో తొక్కినా, ఒకరి ఒళ్లు గాలికి పదో వంతు తక్కువ అడ్డుపడితే ఈ తేడా వచ్చేస్తుంది. అంత మార్పు ఆ కడ్డీకీ హెల్మెట్‌కూ అసాధ్యమేమీ కాదు. అలాగని విజయాన్ని పూర్తిగా వాటి ఖాతాలో వేయడం నాకు సమ్మతం కాదు: ఫిన్యోన్‌కు సీటు ఒరిపిడికి లేచిన పుండు అప్పటికి కొన్ని రోజులుగా కూర్చోనివ్వడం లేదు, నొప్పితో నిద్ర కూడా సరిగా లేదు.

3,285 కిలోమీటర్లు, ఎనభై ఏడు గంటలకు పైగా సాగిన ఆ పందెంలో చివరికి మిగిలిన తేడా 8 సెకన్లు. టూర్ చరిత్రలో ఇంతకంటే తక్కువ తేడా నేటికీ లేదు. పసుపు జెర్సీ నిలవాలంటే ఫిన్యోన్ 27 నిమిషాల 47 సెకన్ల లోపు చేరాలి. గీత అవతల లెమాండ్ గడియారం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ అంకె దాటిన క్షణానికి ఫిన్యోన్ ఇంకా షాంజెలీజే రాళ్ల బాటపైనే ఉన్నాడు. అతని సగటు వేగాన్ని బట్టి చూస్తే, గీతకు దాదాపు 117 మీటర్ల దూరంలో.