పాత బట్టకు కత్తెర పెట్టేముందు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో పాత బట్టలతో సంచులు, బొంతలు, మసిబట్టలు కుడతాను. మూట తెచ్చేవాళ్లు ముందు ఫోన్‌లో డిజైన్ చూపిస్తారు. నేను ముందు బట్ట చూస్తాను. దాన్ని బట్టే ఏం కుట్టాలో తేలుతుంది.

అపోహ: ఏ పాత బట్టయినా వంటింట్లోకి పనికొస్తుంది.

వాస్తవం: ఇందులో ప్రమాదం ఉంది కాబట్టి వివరంగా చెప్తాను. వేడి గిన్నె దించడానికి కాటనే వాడాలి. పాలిస్టర్ బాగా వేడెక్కితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. పాత చీరకు లేబుల్ ఉండదు. అందుకే అంచులోంచి నాలుగు పోగులు లాగి, పక్కన నీళ్లు పెట్టుకుని, పట్టకారుతో పట్టి కాల్చి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిదవుతుంది. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన. పాలిస్టర్ ముడుచుకుపోయి గట్టి ఉండ మిగులుతుంది. బూడిదలో గట్టి పలుకులు తగిలితే అది కలిపి నేసిన బట్ట, దాన్నీ పొయ్యి దగ్గరికి రానివ్వకండి. పాలిస్టర్ నీళ్లు సరిగా పీల్చదు కాబట్టి నేల తుడవడానికీ పనికిరాదు. కూరగాయల సంచికి మాత్రం భేషుగ్గా ఉంటుంది, తొందరగా ఆరుతుంది.

అపోహ: ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు దిగదు.

వాస్తవం: రంగు అద్దేటప్పుడు నూలుకు రంగు పట్టడానికి ఉప్పు సాయపడుతుంది. తర్వాత వదిలే రంగును అది ఆపలేదు. తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే విడిగా ఉతకండి. ఎన్ని ఉతుకులకీ ఆగకపోతే తెల్లబట్ట పక్కన కుట్టొద్దు.

అపోహ: జీన్స్ ఇంటి మిషన్ మీద కుట్టలేం.

వాస్తవం: 16 నంబర్ సూది వేసి, కుట్టు పెద్దది పెట్టి, మందంగా ఉన్నచోట చక్రం చేత్తో తిప్పండి. సాగే జీన్స్‌తో బరువులు మోసే సంచి వద్దు, వేలాడిపోతుంది.

అపోహ: చిరిగిన పట్టుచీర, ఇక్కత్ చీర ఇక స్టీలు సామాన్లవాళ్లకే.

వాస్తవం: ఏళ్లుగా ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత వెంటే చిట్లుతుంది. వెలుతురుకు పట్టి చూసి, ఆ గీతలు వదిలేసి గట్టి ముక్కలు కొయ్యండి. లోపల కాటన్ అస్తరు వేస్తే దిండు గలీబులకు, పర్సులకు బాగుంటాయి. మా వైపు పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్‌లో నేయకముందే నూలుకు రంగులద్దుతారు, అందుకే డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది. అస్తరు లేకుండానే కర్టెన్ కుట్టొచ్చు. చిరగని చీర తెచ్చి కొయ్యమంటే మాత్రం నేను కొయ్యను, కట్టుకునేవాళ్లకు ఇవ్వమంటాను.

మిగిలిన బలహీనమైన కాటన్ ముక్కలను బొంత మధ్య పొరలో వేయండి. పైనా కిందా గట్టి చీరే ఉండాలి.