కడుపుతో ఉన్నప్పుడు బీపీ: చప్పిడి కూడు కాదు, కాల్షియం చూడండి

ఆరో నెలో ఏడో నెలో కాళ్ళు వాచి, ఆస్పత్రిలో బీపీ 140/90 దాటిందని చెప్పగానే ఇంట్లో మొదట జరిగే పని ఉప్పు ఆపేయడం. చప్పిడి పప్పు, చప్పిడి కూర, మజ్జిగలో కూడా ఉప్పు ఉండదు. అసలే సరిగ్గా సయించని తిండి, రుచి కూడా పోయేసరికి ఆ పిల్ల రెండు ముద్దలు తిని లేచిపోతుంది. ప్రేమతో చేసే పనే, కానీ మేలు కంటే కీడు ఎక్కువ.

మామూలు బీపీకి, కాన్పు ముందు వచ్చే బీపీకి తేడా ఉంది. గర్భిణి ఒంట్లో రక్తం దాదాపు సగం దాకా పెరగాలి. ప్రీ-ఎక్లాంప్సియాలో, అంటే కాన్పు ముందు వచ్చే ఈ ప్రమాదకరమైన బీపీ జబ్బులో, మాయకు రక్తం అందించే నాళాలు మొదటి నెలల్లోనే సరిగ్గా వెడల్పు కావు. ఆ తర్వాత ఒళ్ళంతా రక్తనాళాలు బిగుసుకుంటాయి, వాటిలో తిరిగే ద్రవం తగ్గుతుంది. ఉప్పు మానేస్తే ఈ మూల కారణం పోదు. 1958లోనే లండన్‌లో మార్గరెట్ రాబిన్సన్ రెండు వేల మందికి పైగా గర్భిణులను పరిశీలిస్తే, ఉప్పు ఎక్కువ తినమన్నవాళ్ళ కంటే తగ్గించమన్నవాళ్ళలోనే ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది. ఆ తర్వాతి పరిశోధనల్లో ఉప్పు తగ్గించడం వల్ల ప్రయోజనం రుజువు కాలేదు. ప్రీ-ఎక్లాంప్సియా రాకుండా ఉప్పు తగ్గించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పదు. అలాగని అప్పడాలు, ఊరగాయలు, చిప్స్ తెగ తినమనీ కాదు, కూరలో ఎప్పటిలా సరిపడా వేసుకుంటే చాలు. కడుపు రాకముందు నుంచే బీపీ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

మరి తిండిలో నిజంగా చూడాల్సింది ఏమిటి? దానికి జవాబు మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశం నుంచి వచ్చింది. అక్కడి మాయా తెగ స్త్రీలు పేదవాళ్ళు, వైద్యం అందనివాళ్ళు. అయినా వాళ్ళలో గుర్రపువాతం, అంటే బీపీతో వచ్చే ఫిట్స్, తక్కువగా ఉండడం వైద్యులకు వింతగా తోచింది. వాళ్ళు మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి, రుబ్బి రొట్టెలు చేసుకుంటారు. ఆ సున్నంలోని కాల్షియం రొట్టెలోకి చేరుతుంది. 1980లో హోసే బెలిసాన్, హోసే విల్లార్ అనే పరిశోధకులు ఈ రెండింటికీ ముడిపెట్టారు. తిండిలో కాల్షియం తక్కువైతే దాన్ని నిలబెట్టే హార్మోన్లు పెరిగి, రక్తనాళాల కండరం బిగుస్తుందని వాళ్ళ ఊహ. తర్వాతి పరీక్షలు కొన్నింటిలో, కాల్షియం తక్కువ తినే స్త్రీలకు మాత్రలు ఇస్తే ఈ జబ్బు బాగా తగ్గింది. మనవాళ్ళకు సంబంధించిన విషయం ఇదే, ఎందుకంటే రోజూ అన్నం, చారు, కొంచెం పప్పుతో సరిపెట్టుకునే ఇంట్లో కాల్షియం లోటు తప్పదు.

అందుకే మన ఆస్పత్రుల్లో నాలుగో నెల నుంచి రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్ర ఇస్తారు. 2024లో వెలువడిన పరిశోధనలో, బెంగళూరులో తొలిచూలు స్త్రీలు 11,000 మందికి కొందరికి రోజుకు 500, కొందరికి 1,500 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, ప్రీ-ఎక్లాంప్సియా విషయంలో తక్కువ మోతాదు ఎక్కువ మోతాదుకు తీసిపోలేదు. ఇది ఎంతో ఊరట. మాత్రల సంఖ్య చూసి విసుగొచ్చి మానేసేవాళ్ళే ఎక్కువ కదా! అయితే మీకు రాసిన మోతాదును మీరే మార్చుకోవద్దు. కాల్షియం మాత్ర భోజనంతో వేసుకోండి, ఐరన్ మాత్రకు కనీసం రెండు గంటల ఎడం ఇవ్వండి. రెండూ కలిపి మింగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు.

పళ్ళెంలోకి వస్తే, గ్లాసు పాలలో సుమారు 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, 30 గ్రాముల రాగిపిండితో కాచిన జావలో సుమారు 100 మిల్లీగ్రాములు. రోజుకు కావలసింది 1,000. పెరుగు, నువ్వుల పొడి, మునగాకు పప్పు, చిన్న చేపలు ముళ్ళతో సహా తింటే ఆ లోటు చాలావరకు పూడుతుంది. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఆరోగ్యలక్ష్మి పథకం కింద రోజూ ఇచ్చే 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఇంట్లో పిల్లలకు పంచిపెట్టేయకుండా తల్లే తినాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇవన్నీ జబ్బు వచ్చే అవకాశాన్ని తగ్గించేవే, వచ్చిన జబ్బును తిండి నయం చేయదు. డాక్టరు లాబెటలాల్ లాంటి బీపీ మందు రాస్తే రాగిజావ తాగుతున్నామని దాన్ని ఆపొద్దు. బీపీ 160/110కి చేరినా, తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి ముఖం వాపు కనిపించినా, తెల్లారనిద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేయండి.