పోస్టర్ నిండా ఆకులే: హారర్, ఫాంటసీ ఫెస్టివల్స్ మీద అపోహలు, వాస్తవాలు

మొన్న కార్తీక మాసంలో రాజోలు వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకుని అమలాపురంలో మా ఎడిటింగ్ రూముకి వచ్చారు. కుర్రాడు కొరివి దెయ్యం మీద పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాడు. “మా వాడికి ఇరవై రెండు అవార్డులొచ్చాయండి. అయినా ఒక్కళ్లూ పిలవట్లేదేంటండి?” అని ఆయన అడుగుతుంటే కుర్రాడు మాట్లాడకుండా ఫోన్‌లో పోస్టర్ తీసి చూపించాడు. తాటితోపు, చీకట్లో ఎర్రటి మంట, చుట్టూ లారెల్ ఆకుల జతలు, అంటే ఫెస్టివల్‌లో ఎంపికైనట్టో అవార్డు వచ్చినట్టో పోస్టర్ మీద వేసుకునే గుర్తులు. బిర్యానీలో కూడా అన్ని ఆకులు వెయ్యరు. హీరోయిన్ మొహం సగం కనపడటం లేదు. ఇంకో మూడు జతలు ఇరికించాలట, అందుకొచ్చారు.

పదకొండేళ్లుగా సబ్‌టైటిల్స్ వెయ్యడం, డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్‌లో వేసే డిజిటల్ కాపీ) చెయ్యడం, ఎంట్రీలు పంపడం నా పని. ఈ పోస్టర్‌ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సినిమా పేరు మారుతుంది, అంతే.

అపోహ: సెలెక్ట్ అయిందని మెయిల్ వస్తే ఫెస్టివల్‌లో పడినట్టే.

వాస్తవం: సినిమా పడాలంటే ముందు హాలుండాలి కదా! ఆ రోజు కుర్రాడు పంపిన ముప్ఫై ఒక్క ఎంట్రీలూ ఒక్కొక్కటే తెరిచి చూశాం. నిరుడు ఏ సినిమా, ఏ హాల్లో, ఎన్ని గంటలకి వేశారో చెప్పే ప్రోగ్రామ్ రెండింటికే ఉంది. మిగతావాటికి ఊరి పేరు ఉంది, హాలు పేరు లేదు. చీటీ పాటలాగా నెలనెలా విజేతలు. ఉత్తమ పోస్టర్, ఉత్తమ ట్రైలర్, ఉత్తమ మొదటిసారి దర్శకుడు, ఉత్తమ మొబైల్ హారర్ అంటూ పంపినవాళ్లందరికీ ఏదో ఒకటి తగిలేలా బోలెడు విభాగాలు. ఒక దాంట్లోంచి ట్రోఫీ కావాలంటే 150 డాలర్లు, కొరియర్ వేరే అని మెయిల్ వచ్చింది. పాపం, అదీ కట్టాడు. మొత్తం కూడితే 62,000 రూపాయలు తేలింది. అందులో సగం వాళ్లమ్మ గొలుసు తాకట్టు డబ్బు. ఆ సంగతి పెద్దాయనకి అప్పటిదాకా తెలియదు, నా రూములోనే తెలిసింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

కుర్రాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. రాత్రి రెండింటికి “కంగ్రాచ్యులేషన్స్” అని మెయిల్ చూసి ఇంట్లో అందరినీ లేపాడట. ఆ వయసులో నేనైనా లేపేవాణ్ణే. నాకు కోపమల్లా “ఆకులు ఎన్ని ఉంటే అంత మంచిది, ప్రొడ్యూసర్లు అవే చూస్తారు” అని వాట్సాప్ గ్రూపుల్లో చెప్పేవాళ్ల మీద. చూసేవాళ్లకి ఏ ఆకు ఎక్కడిదో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

అసలు ఫెస్టివల్ ఎలా ఉంటుందో చూడండి. స్పెయిన్‌లో బార్సిలోనా పక్కన సముద్రం ఒడ్డున సిట్జెస్ అనే ఊరుంది, మన అమలాపురం కన్నా చిన్నది. 1968 నుంచి అక్కడ ఫాంటసీ, హారర్ సినిమాల ఫెస్టివల్ జరుగుతోంది. ఆడిటోరి, ప్రాడో, రెటిరో అని హాళ్ల పేర్లతో సహా ప్రోగ్రామ్ వేస్తారు. ఇలాంటివే, కెనడాలోని మాంట్రియాల్‌లో ఫాంటాసియా 1996లో, కొరియాలో బుచాన్ ఫెస్టివల్ 1997లో మొదలయ్యాయి. ఎంట్రీ ఫీజు చాలాచోట్ల ఉంటుంది, సెలెక్ట్ కాకపోతే తిరిగి రాదు, అందులో మోసం లేదు. కానీ సెలెక్ట్ చేశాక సర్టిఫికెట్‌కనీ ట్రోఫీకనీ డబ్బు అడిగితే అక్కడితో ఆపెయ్యండి. ముప్ఫై చోట్ల పంపే డబ్బుతో నాలుగైదు నిజమైన వాటికి, అదీ గడువు దగ్గరపడి ఫీజు పెరిగేలోపే పంపండి. ఫీజు కట్టే ముందు నిరుటి ప్రోగ్రామ్ తెరిచి, అందులో సినిమా పడిన ఒక్క దర్శకుడికైనా మెసేజ్ పెట్టి “హాల్లో జనం ఉన్నారా?” అని అడగండి. చాలామంది జవాబిస్తారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఫెస్టివల్ అంటే నిదానంగా సాగే ఏడుపు సినిమాలే అనుకుంటారు. 2012లో మన ‘ఈగ’ వచ్చింది. మరుసటి ఏడాది టొరంటో ఆఫ్టర్ డార్క్ ఫెస్టివల్‌లో వేస్తే బోలెడు అవార్డులు పట్టుకొచ్చింది. ఫాంటాసియాలో అయితే లైట్లు ఆరగానే జనం పిల్లుల్లా మ్యావ్ మంటారు. మన సింగిల్ స్క్రీన్‌లో కాగితాలు ఎగరేసే జనానికీ వాళ్లకీ పెద్ద తేడా ఏం లేదు.

సెన్సార్ సర్టిఫికెట్ లేకపోతే పంపకూడదనేది ఇంకొకటి. బయటి దేశాల ఫెస్టివల్స్ అది అడగవు. మన దేశంలో అయితే ఫెస్టివల్ వాళ్లే కేంద్ర సమాచార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకుంటారు. యూట్యూబ్‌లో పెట్టేస్తే అన్ని తలుపులూ మూసుకుపోతాయన్నది సగం నిజం. కొన్ని పట్టించుకోవు, కొన్ని తీసుకోవు. నియమాలు చదివాకే అప్‌లోడ్ చెయ్యండి.

“ల్యాప్‌టాప్‌లో చూశాం, బాగానే ఉంది” అనే మాట మాత్రం కాస్త ఆగి చెప్పాలి. హారర్‌కి ఇదే కొంప ముంచుతుంది. మామూలు ల్యాప్‌టాప్ వెలుగు 300 నిట్ల (తెర వెలుగుని కొలిచే లెక్క) దాకా ఉంటుంది, థియేటర్ తెరకి ప్రమాణం 48 నిట్లే. కొరివి దెయ్యం సినిమాని తెలిసినవాళ్ల థియేటర్లో మార్నింగ్ షోకి ముందు, ఇంకా చీపురు శబ్దం వినపడుతుండగానే వేసి చూశాం. తాటితోపులో హీరో నడిచే నిమిషంన్నర తెర మీద చీకటి తప్ప ఏమీ లేదు, మనిషున్నాడని చెప్పుల చప్పుడుని బట్టి తెలుసుకోవాలి. ఆపరేటర్ కిటికీలోంచి తల బయటపెట్టి “ల్యాంపు బాగానే ఉందండి, మీదే రాలేదు” అన్నాడు. మళ్లీ గ్రేడింగ్ చేశాం, అంటే సీన్లలో వెలుగూ రంగులూ సరిచేశాం. డీసీపీ చెయ్యడానికి లక్షలు అక్కర్లేదు, డీసీపీ ఓ మ్యాటిక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, షార్ట్ ఫిల్ముకి అది చాలు.

ఆఖరిది, “మన దెయ్యాలు తెల్లవాళ్లకి అర్థం కావు, డ్రాకులాలా మార్చాలా మాస్టారూ?” అన్న టెన్షన్. ఎందుకు మార్చడం? అలాంటివి వాళ్లు చూసీ చూసీ ఉన్నారు. కుర్రాడు సబ్‌టైటిల్‌లో కొరివి దెయ్యాన్ని ఉత్త “గోస్ట్” అని వేసుకొచ్చాడు. లైనుకి 42 అక్షరాలు దాటకూడదు కాబట్టి వివరణ పట్టదు. గంటసేపు కొట్టుకున్నాక, ముసలమ్మ కాలవ గట్టు మీద మంట చూపించే డైలాగులో ఒక్కసారి “నిప్పు పట్టుకు తిరిగే దెయ్యం” అనే అర్థంతో వేసి, అక్కణ్నుంచి కొరివి అనే పేరునే ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచేశాం. పోస్టర్ మీద ఇప్పుడు రెండు జతల ఆకులే ఉన్నాయి. హీరోయిన్ మొహం పూర్తిగా కనపడుతోంది. వచ్చే వారం బుచాన్‌కి పంపుతున్నాం, గొలుసు ఇంకా విడిపించలేదు.