చెవి విన్నది చేతికి ఎలా ఎక్కుతుంది?

2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చేసింది. నీళ్లు తీసేశాక, బురద కడుక్కుని, గోడల మీద మరక ఇంకా ఆరుతున్న రోజుల్లో ఒక స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో కొన్ని రాక్ ఆల్బమ్‌లు వేసిచ్చాడు. వాటిలో 1971 నాటి లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ నాలుగో ఆల్బమ్ ఉంది, దాని చివరి పాట ‘వెన్ ద లెవీ బ్రేక్స్’. మాటలు సరిగ్గా అర్థం కాలేదు గానీ డ్రమ్స్ మాత్రం గుండెల్లో దిగాయి. అది వరద పాట అని చాలా రోజుల తర్వాత తెలిసింది. 1927లో మిసిసిపీ నది కట్టలు తెగిన సంగతి మీద ఇద్దరు బ్లూస్ కళాకారులు 1929లో పాడితే, వీళ్లు దాన్ని మళ్లీ చేశారు.

అప్పటికి నేను మా చర్చిలో డ్రమ్స్ వాయిస్తున్నా. ఖాళీ కనబడితే చాలు, చెయ్యి ఊరుకునేది కాదు, ఫిల్ (ఖాళీని నింపే అదనపు దెబ్బలు) మీద ఫిల్ కొట్టేవాణ్ణి. ఆ పాట రెండు నెలలు విన్నాక, ఎవరూ చెప్పకుండానే ఆ అలవాటు తగ్గిపోయింది. వినడానికీ వాయించడానికీ మధ్య ఏం జరిగిందో తెలుసుకోవాలని అప్పుడే పట్టుకుంది నాకు.

మెదడులో వినే భాగం, కదిలించే భాగం దేని దారి దానిది కాదు. స్కానర్‌లో కదలకుండా పడుకోబెట్టి తాళం వినిపించినా, కదలికల్ని సిద్ధం చేసే భాగాలు, మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగంతో సహా, పనిలోకి దిగుతాయి. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో సంగీతం రానివాళ్లకు కొద్ది రోజులు ఒక చిన్న పియానో పాట నేర్పి, తర్వాత ఊరికే వినిపించారు. చేతులు కదలకపోయినా, నేర్చుకున్న పాట విన్నప్పుడు ఆ భాగాలు చురుగ్గా పనిచేశాయి, నేర్వని పాటకు అంతగా లేదు. అంటే వాయించడం తెలిసినవాడు ఆల్బమ్ వింటూ కూర్చున్నా లోపల సాధన ఎంతో కొంత నడుస్తూనే ఉంటుంది. ఇంకొకటి, తాళానికి వేలు తట్టమంటే మనం సాధారణంగా దెబ్బకు కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే తడతాం. మెదడు దెబ్బ వినపడేదాకా ఆగకుండా అది ఎప్పుడు పడుతుందో అంచనా వేస్తుంది. ఒకే రికార్డు వందసార్లు వింటే ఆ అంచనాలే మారిపోతాయి, చేతులు వాటి వెనకే వస్తాయి.

ఆ పాట ఇంకోటి కూడా నేర్పింది, గది సంగతి. ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్స్‌ను మెట్ల కింద హాల్లో పెట్టి, ఇంజినీర్ ఆండీ జాన్స్ రెండు మైకులు పైనుంచి వేలాడదీశాడు. శబ్దం మీటరు దూరం పోవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి గోడలకు తగిలి వచ్చేది అసలు దెబ్బ కంటే కొంచెం ఆలస్యంగా చేరుతుంది. త్వరగా వచ్చేదాన్ని చెవి అసలు దెబ్బలోనే కలిపేసుకుంటుంది, దెబ్బ లావవుతుంది. ఆలస్యంగా వచ్చేది తోకలా సాగుతుంది. దానికి తోడు ఎకో యంత్రం కూడా వాడారు. అంత పెద్ద తోక ఉన్నచోట గబగబా కొడితే అంతా కలిసి గందరగోళమే, అందుకే అక్కడ ఖాళీలు అంత బలంగా వినిపిస్తాయని నా నమ్మకం. పరుపులూ దుప్పట్లూ ఉన్న మా గదిలో అదే బీట్ చచ్చిపోయినట్టు ఉండేది. ఒకరోజు స్నేర్ అనే చిన్న డ్రమ్ ఒక్కదాన్ని మా మెట్ల కిందికి తెచ్చి కొట్టాను, ఒంట్లో జలదరింపు పుట్టింది.

ఇక 1982లో వచ్చిన టోటో బ్యాండ్ ఆల్బమ్ ‘టోటో 4’. అందులో ‘రోసానా’ పాటకు డ్రమ్మర్ జెఫ్ పోర్కారో వాయించిన బీట్ ఎక్కడినుంచి వచ్చిందో ఆయనే చెప్పాడు. స్టీలీ డాన్ బ్యాండ్ ‘ఆజా’ ఆల్బమ్‌లో (1977) డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ వాయించినది, లెడ్ జెప్పెలిన్ 1979 ఆల్బమ్‌లో బోనమ్ వాయించినది, వాటికి తోడు రాక్ అండ్ రోల్ గాయకుడు బో డిడ్లీ లయ. మూడూ ఒక మనిషి చేతుల్లో కలిశాయి. షఫుల్ అనే ఈ ఊగే లయను మనవాళ్లకు చెప్పడం తేలిక. ‘తకిట’ అనండి. హై-హ్యాట్ (జంట తాళాల్లాంటి పళ్లేలు) మీద కుడి చెయ్యి ‘త’, ‘ట’ మాత్రమే కొడుతుంది. మధ్యలో ‘కి’ని ఎడమ చెయ్యి స్నేర్ మీద, అంగుళం ఎత్తునుంచి, వినీ వినపడనట్టు తాకుతుంది. దాన్నే ఘోస్ట్ నోట్ అంటారు. బార్‌లో (నాలుగు బీట్ల ఆవర్తంలో) మూడో బీట్‌కు మాత్రం స్నేర్ మీద గట్టి దెబ్బ పడుతుంది.

ఇది నా చేతికి అనుకున్నదానికంటే త్వరగా పట్టుబడింది. ఎందుకో పీర్ల పండుగకు వెళ్లినప్పుడు తెలిసింది. డప్పు కొట్టేవాళ్ల కుడి చేతిలో పొట్టి కర్ర, ఎడమ చేతిలో సన్న పుల్ల. పెద్ద దెబ్బల మధ్య సన్న పుల్ల చేసే పని అచ్చం ఆ ‘కి’నే. నేను పుట్టినప్పటినుంచి వింటున్నది అదే. ఉత్తర అమెరికాలో పిల్లల మీద చేసి 2005లో వెలువరించిన పరిశోధన ఒకటుంది. ఆరు నెలల పిల్లలు తమ ఊరి లయలో తేడానీ, బాల్కన్ ప్రాంతపు చిక్కు లయలో తేడానీ ఒకేలా పట్టారు. ఏడాది వయసుకు వచ్చేసరికి పరాయి లయ పట్టు జారింది, కానీ ఇంట్లో రెండు వారాలు ఆ సంగీతం పెట్టి వినిపిస్తే తిరిగి వచ్చింది. పెద్దవాళ్లకు అలా రాలేదు. అందుకే ఏ ఆల్బమ్ అయినా మన చెవిలో ముందే ఉన్నదాని మీదే వచ్చి కూర్చుంటుంది అనుకుంటాను, పర్డీ నాకు దొరికింది డప్పు వల్లనే.

పోర్కారో హై-హ్యాట్ మీద 2015లో ఒక అధ్యయనం వచ్చింది, 1982 నాటి మైకేల్ మెక్‌డొనాల్డ్ పాట తీసుకుని దెబ్బ దెబ్బకూ సమయం కొలిచారు. చిన్న చిన్న తేడాలు ఉన్నాయి, అయితే అవి ఇష్టం వచ్చినట్టు పడినవి కావు, ఇప్పటి తేడాకు చాలా ముందు పడిన దెబ్బలతో కూడా సంబంధం ఉంది. అది చదివాక మొన్న పీర్ల పండుగలో ఒక పెద్దాయన ఎడమ చేతి పక్కనే నిలబడి ఫోన్‌లో తీసుకున్నాను. “చిన్నాయనా, ఆ పుల్లతో ఏం లెక్క వేస్తావు?” అంటే, “లెక్కేముంది నాయనా, అది ఆగితే కుడి చెయ్యి నిలబడదు” అన్నాడు. ఇంటికొచ్చి నెమ్మదిగా నడిపి చూశాను. పుల్ల ప్రతిసారీ ఒకేచోట పడటం లేదు, ఇంత ముందుకు, అంత వెనక్కు, ఊగుతూ పోతోంది.