చెదిరిన తారాగుచ్ఛాల రసాయన ఆనవాళ్లు: అపోహలు – వాస్తవాలు

అపోహ: నక్షత్ర ప్రవాహమంటే ఆకాశంలో పారే వాయుధార.

వాస్తవం: అందులో ఉన్నవి నక్షత్రాలే. పాలపుంత గురుత్వాకర్షణ ఒక గోళాకార తారాగుచ్ఛాన్ని (బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపును) కొద్దికొద్దిగా చీలుస్తూ పోతే, జారిపోయిన తారలు దాని కక్ష్య వెంట ముందుకూ వెనక్కూ సాగి సన్నని పట్టీగా పరుచుకుంటాయి. 2001లో పాలోమార్-5 అనే గుచ్ఛానికి ఇరువైపులా బయటపడిన తోకలు ఇలాంటివే. 2006లో దొరికిన జీడీ-1 ప్రవాహానికైతే తల్లి గుచ్ఛం జాడే కనిపించదు.

అపోహ: ఒకే గుచ్ఛంలో పుట్టినవి కనుక ఆ తారలన్నిటి కూర్పూ ఒకటే.

వాస్తవం: తారల కాంతిని రంగులుగా విడదీసిన వర్ణపటాలు చదివే మాకు తరచుగా వినిపించే మాట ఇది. ఇనుము విషయంలో ఇది దాదాపు నిజం. సోడియం, ఆక్సిజన్, నైట్రోజన్ దగ్గర నిలవదు. గుచ్ఛంలోని కొన్ని తారల్లో ఆక్సిజన్ తగ్గి, సోడియం, నైట్రోజన్ పెరిగి ఉంటాయి. అత్యధిక ఉష్ణోగ్రతలో హైడ్రోజన్ మండేటప్పుడు (అంటే కేంద్రకాలు కలిసిపోయేటప్పుడు) కార్బన్, ఆక్సిజన్ నైట్రోజన్‌గానూ, నియాన్ సోడియంగానూ మారడమే ఇందుకు మూలం. ఆ మంట ఏ తారల గర్భంలో రగిలిందన్నది మాత్రం ఇంకా తేలలేదు. విడిగా తిరిగే తారల్లో ఈ తీరు చాలా అరుదు కాబట్టి, గుచ్ఛంలో పుట్టిన తారకు ఇది పుట్టుమచ్చ లాంటిది. ప్రవాహాలకు మరో మూలమైన మరుగుజ్జు (చాలా చిన్న) గెలాక్సీలు మాత్రం తమ వాయువును నిలుపుకొని తరతరాలుగా నక్షత్రాలను కన్నందువల్ల, వాటి శిథిలాల్లో ఇనుమే తారతారకూ మారుతుంది.

అపోహ: సూర్యుడిలోని ఇనుములో సుమారు 300వ వంతు కంటే తక్కువ ఉన్న గుచ్ఛాలు ఏర్పడనే లేదు.

వాస్తవం: ఇప్పటికీ చెదరకుండా ఉన్న పాలపుంత గుచ్ఛాలను మాత్రమే లెక్కిస్తే అలాగే అనిపిస్తుంది. కానీ 2020లో ఫీనిక్స్ ప్రవాహంలో దాదాపు 500వ వంతు, 2022లో సీ-19 అనే మరో ప్రవాహంలో దాదాపు 2500వ వంతు ఇనుము తేలింది. సీ-19లో ఇనుము తేడా కొలతకు అందనంత స్వల్పం, సోడియం మాత్రం తారతారకూ వేరు. అంటే గుచ్ఛపు పోలికే. అయితే దాని తారల వేగాల వ్యాప్తి (సగటు నుంచి అవి ఎంత చెదిరి ఉన్నాయన్నది) సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ఇంత పలుచని గుచ్ఛ శిథిలానికి ఇది ఎక్కువే. అందుకే కథ ముగిసిందని నేను అనలేను.

అపోహ: ప్రవాహం గుచ్ఛం నుంచే వచ్చిందనడానికి సోడియం ఎక్కువగా ఉన్న ఒక్క తార దొరికితే చాలు.

వాస్తవం: చాలదు. ఇంత తక్కువ లోహాలున్న (ఖగోళంలో హీలియం కంటే బరువైన మూలకాలన్నీ లోహాలే) తారల్లో, వర్ణపటంలో 568 నానోమీటర్ల దగ్గరి బలహీనమైన సోడియం రేఖలు మాయమైపోతాయి. చేతిలో మిగిలేవి 589.0, 589.6 దగ్గరి జంట రేఖలే. దారిలోని అంతర్నక్షత్ర వాయువులో ఉన్న సోడియం కూడా దాదాపు అక్కడే కాంతిని మింగుతుంది. అందుకని ముందు ఇనుప రేఖల జరుగుబాటుతో తార వేగం కట్టి, జంట రేఖలు ఎక్కడ పడాలో గుర్తుపెట్టుకొని, ఆ చోటున కాంతి తగ్గిన గుంటనే కొలుస్తాం. తార గుంట, వాయువు గుంట కలిసిపోతే ఆ తారను సోడియం లెక్క నుంచి తీసేస్తాను. విడిగా నిలిచినా, మామూలు లెక్క ఊహించే ఉష్ణ సమతౌల్యంలో తార వాతావరణం ఉండదు కనుక సవరణ వేయాలి. అది వేశాక సోడియం విలువ సాధారణంగా తగ్గుతుంది.